నడుము కొలత తగ్గాలంటే ఏబ్స్, ఆబ్లిక్స్ ఎలా చేయాలి, ఎలా కొలవాలి

ఏబ్స్ (పొట్ట ముందు కండరాలు), ఆబ్లిక్స్ (నడుము పక్క కండరాలు) వ్యాయామాల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేవి రెండే. రోజూ వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తి దించడం) చేస్తున్నా పొట్ట ఎందుకు తగ్గడం లేదు? పక్కలకు వ్యాయామం చేస్తే నడుము ఇంకా వెడల్పవుతుందంటున్నారు, నిజమేనా?

మొదటిదానికి జవాబు: క్రంచెస్ కొవ్వును కరిగించవు. పని చేసే కండరానికి కావలసిన ఇంధనం రక్తంలోంచి అందుతుంది. ఆ రక్తంలోకి కొవ్వు ఒంట్లో ఏ మూల నుంచైనా వచ్చి చేరుతుంది. పొట్ట కండరం కదిలింది కదా అని దాని మీదున్న పొరే ముందు కరగదు. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 24 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. వాళ్లు మునుపటికన్నా ఎక్కువ క్రంచెస్ చేయగలిగారు. పొట్ట కొవ్వు, నడుము కొలత మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

రెండోదానికి జవాబు: మామూలుగా చేస్తే వెడల్పవదు. ఆబ్లిక్స్ అంటే పక్కటెముకల నుంచి తుంటి ఎముక దాకా ఏటవాలుగా సాగే పలుచని కండరాలు, పైన ఒక పొర, దాని కింద ఇంకో పొర. ఒంటి బరువుతోనో ఓ మోస్తరు బరువుతోనో చేస్తే అవి కంటికి ఆనేంత మందం కావు. బరువైన డంబెల్ పట్టుకుని పక్కకు వంగి లేచే సైడ్ బెండ్లు నెలల తరబడి, బరువు పెంచుకుంటూ చేస్తే కొంత మందం రావచ్చు. సన్నటి నడుమే కావాలనుకుంటే ఆ ఒక్కదాన్ని పక్కన పెడితే చాలు.

మరి కొవ్వు కరగనప్పుడు ఇవన్నీ ఎందుకు? వీటికింద, అన్నిటికన్నా లోపల, నడికట్టులా చుట్టుకుని ఉండే ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్ అనే కండరం ఉంది. అదీ ఆబ్లిక్సూ పట్టుగా ఉంటే పొట్ట ముందుకు వేలాడకుండా నిలుస్తుంది, వెన్నుకు ఆసరా దొరుకుతుంది, నిలబడే తీరు మారుతుంది. కొవ్వు తగ్గించే పని తిండిది, నడకది. రెండూ కలిస్తేనే టేపు మీద తేడా వస్తుంది.

మొదలుపెట్టే ముందు

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు, డిస్క్ నొప్పి కాలిలోకి పాకుతున్నవాళ్లు, పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకు ముడుచుకునే సిట్-అప్స్, క్రంచెస్ జోలికి అసలు పోవద్దు.

కాన్పు అయిన తల్లులు ఇంకొకటి చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు మీద వేళ్లను అడ్డంగా ఆనించి, తలను మాత్రం కొంచెం ఎత్తండి. మధ్యలో రెండు వేళ్లకు మించి సందు తగిలితే, లేదా మధ్య గీత మీద గట్టులా పొడుచుకొస్తే, రెండు పక్కల కండరాలు ఇంకా దగ్గరపడలేదన్నమాట. అప్పుడు క్రంచెస్, పూర్తి ప్లాంక్ (బోర్లా, మోచేతులు లేదా అరచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని గీతలా ఆపడం) మానేసి ఫిజియోథెరపిస్టును కలవండి. సిజేరియన్ అయినా, మామూలు కాన్పు అయినా ఈ పరీక్ష ఒకటే.

కావలసినవి

- దర్జీలు వాడే మెత్తని టేపు. ఇనుప టేపు పొట్టకు ఆనుకోదు.
- యోగా మ్యాట్, లేదా నాలుగు మడతలు వేసిన జంపఖానా. పరుపు మీద చేస్తే నడుము కిందికి కుంగిపోతుంది, కాబట్టి వద్దు.
- ఒక చేత్తో మోయగల బరువు: డంబెల్, పుస్తకాలు నింపిన చేతిసంచి, లేదా నీళ్ల బకెట్. లీటరు నీళ్లు ఒక కిలో.
- రెసిస్టెన్స్ బ్యాండ్ (వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీ) ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.
- ఫోను కెమెరా, ఒక నోటుబుక్కు.

చెమట బెల్టు, పొట్టకు బిగించే కార్సెట్ కొనకండి. బెల్టు కింద పోయేది నీరు, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది.

1. ముందు సరిగ్గా కొలవండి

ఈ అడుగును దాటేసి వ్యాయామంలోకి దూకేవాళ్లే నెల తర్వాత "ఏమీ తగ్గలేదు" అంటారు. కొలిచే చోటు రోజుకోలా మారితే రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఊరికే వస్తుంది.

పొద్దున్నే, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు, చొక్కా తీసి నిలబడండి. పక్కన వేలితో నొక్కుతూ చివరి పక్కటెముక అడుగు అంచును, తుంటి ఎముక పై అంచును పట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. వీపు వైపు టేపు కిందికి జారకుండా, నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. టేపు చర్మానికి ఆనాలి కానీ గీత పడేలా బిగించకూడదు. మామూలుగా ఊపిరి వదిలి, పొట్టను లోపలికి లాగకుండా చదవండి. రెండుసార్లు కొలవండి. సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి కొలిచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు రాసుకోండి.

వారానికి ఒకసారి చాలు. నెలసరి ముందు పొట్ట ఉబ్బడం మామూలే కాబట్టి, ఆడవాళ్లు ఈ నెల కొలతను పోయిన నెల అదే రోజుల కొలతతో పోల్చాలి.

ప్యాంటు సైజును నమ్మకండి. ప్యాంటు పొట్ట కిందికి జారేకొద్దీ సైజు అదే ఉంటుంది, పైన నడుము పెరుగుతూనే ఉంటుంది. 34 ప్యాంటు వేసుకునే మనిషికి టేపు పెడితే 38 అంగుళాలు చూపించడం వింతేమీ కాదు.

మన దక్షిణాసియా వాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్నది వైద్యులు వాడే హద్దు. ఇంకో తేలిక లెక్క: నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. ఎత్తు 160 సెంటీమీటర్లయితే నడుము 80 లోపు.

2. బిగించడం నేర్చుకోండి

పొట్టను లోపలికి పీల్చడం వేరు, బిగించడం వేరు. ఎవరో పొట్ట మీద వేలితో పొడవబోతున్నారని తెలిస్తే మీరు ఏం చేస్తారో అదీ బిగింపు. రెండు చేతుల బొటనవేళ్లు పక్కల్లో ఆనించి మెల్లగా దగ్గండి. వేళ్ల కింద ఉబికి గట్టిపడేదే ఆబ్లిక్స్. దగ్గకుండానే అక్కడ అంత బిగువు తెచ్చి, అలాగే ఉంచి, ఐదుసార్లు ఊపిరి తీసి వదలండి. ఊపిరి ఆగిపోతుంటే బిగువు సగానికి తగ్గించండి. కింది వ్యాయామాలన్నిటికీ ఇదే పునాది.

3. డెడ్ బగ్

వెల్లకిలా పడుకుని రెండు చేతులు పైకప్పు వైపు చాపండి. తుంటి దగ్గర, మోకాలి దగ్గర కాళ్లను లంబకోణంలో పైకి మడవండి. నడుము నేలకు ఆనేలా బిగించి, నోటితో ఊపిరి వదులుతూ కుడి చేతిని తల వెనక్కి, ఎడమ కాలిని ముందుకు మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు దించండి. మడమ నేలకు తగలకముందే వెనక్కి తెచ్చి, రెండో వైపు చేయండి. ఒక్కో వైపు 6 నుంచి 8 సార్లు, మూడు సెట్లు, అంటే మధ్యలో కాస్త ఆగుతూ మూడు విడతలు.

ఇందులో జరిగే తప్పు ఒక్కటే, కానీ చాలామంది చేసేది అదే: కాలు దిగుతుంటే నడుము నేల నుంచి లేస్తుంది. అది లేచిందంటే పొట్ట పని ఆపేసి బరువంతా వెన్ను మీద వేసినట్టే. నడుము కింద సన్నటి తువ్వాలు పెట్టి, ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి మెల్లగా లాగమనండి. తువ్వాలు బయటికొచ్చేస్తే మీ నడుము లేచినట్టు. ఒంటరిగా చేస్తుంటే ఫోను నేల మీద ఆనించి పక్కనుంచి వీడియో తీసుకోండి. నడుము నిలవకపోతే చేతులు కదపకుండా, మోకాలు మడిచే ఉంచి మడమను మాత్రం నేలకు తాకించి వెనక్కి తెచ్చుకోండి.

4. సైడ్ ప్లాంక్

ఆబ్లిక్స్‌కు ఇంట్లో చేయగలిగినవాటిలో దీన్ని మించింది లేదు. పక్కకు తిరిగి పడుకుని మోచేతిని సరిగ్గా భుజం కింద పెట్టండి. మొదటి రెండు వారాలు మోకాళ్లు మడిచి, మోకాళ్ల మీదే తుంటిని పైకెత్తండి. తల, భుజం, తుంటి, మోకాలు ఒకే గీత మీద ఉండాలి.

నిమిషం, రెండు నిమిషాలు పట్టుదలగా ఆపడం అవసరం లేదు. పది సెకన్లు ఆపి, కిందికి దించి, రెండు ఊపిర్లు తీసి మళ్లీ లేవండి. వెన్నునొప్పి మీద ఏళ్ల తరబడి పని చేసిన కెనడా ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే పద్ధతీ ఇలా చిన్న చిన్న పట్లే: మొదటి విడత ఆరు పట్లు, రెండో విడత నాలుగు, మూడో విడత రెండు. అలసట పెరిగేకొద్దీ లెక్క తగ్గుతుంది కాబట్టి ఆకారం చెడదు. ఈ లెక్క తేలికైపోయాక కాళ్లు చాపి చేయండి.

తుంటి వెనక్కి జారిపోవడం, పై భుజం ముందుకు పడిపోవడం, భుజాన్ని చెవి దాకా లాక్కోవడం ఇందులో కనిపించే తప్పులు. భుజం నొప్పి ఉంటే గోడ పక్కన నిలబడి మోచేతిని గోడకు ఆనించి, పాదాలు గోడకు రెండడుగుల దూరంలో పెట్టి, ఒళ్లు ఒక గీతలా ఉంచి అలాగే ఆపండి.

5. బ్యాండ్ ప్రెస్

జిమ్‌లో ప్యాలోఫ్ ప్రెస్ అంటారు. బ్యాండును కిటికీ ఊచకు ఛాతీ ఎత్తులో కట్టి, కిటికీకి పక్కగా నిలబడండి. రెండు చేతులతో బ్యాండును ఛాతీ దగ్గర పట్టుకుని నేరుగా ముందుకు చాపి, మూడు సెకన్లు ఆపి వెనక్కి తెచ్చుకోండి. బ్యాండు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పాలని చూస్తుంది. తిరగకుండా నిలవడమే ఇక్కడి పని. ఒక్కో వైపు 10, రెండు సెట్లు. బొడ్డు కిటికీ వైపు తిరిగిపోతుంటే ఒకడుగు కిటికీకి దగ్గరగా జరగండి, బ్యాండు వదులవుతుంది.

బ్యాండును తలుపు పిడికి కట్టకండి. తలుపు మీ వైపు తెరుచుకుంటే బ్యాండు వచ్చి ముఖానికి కొడుతుంది. కట్టేముందు ప్రతిసారీ పగుళ్లు చూడండి. బ్యాండు లేకపోతే మోకాళ్ల మీద ప్లాంక్ పెట్టి, తుంటి ఊగకుండా ఒక్కో చేత్తో ఎదుటి భుజాన్ని తాకండి.

6. ఒంటిచేతి మోత

బరువును ఒక చేత్తో పట్టుకుని నిటారుగా నడవడమే. కుడి చేతిలో బరువు ఉంటే ఎడమ పక్క ఆబ్లిక్స్ ఒంటిని నిలబెడతాయి. మీ బరువులో పదో వంతుతో మొదలుపెట్టండి. 60 కిలోల మనిషికి ఆరు కిలోలు, అంటే బకెట్లో ఐదు, ఐదున్నర లీటర్ల నీళ్లు. 30 నుంచి 40 అడుగులు వేసి చెయ్యి మార్చండి. ఒక్కో వైపు మూడుసార్లు. వారానికి కిలో చొప్పున, మీ బరువులో నాలుగో వంతు దాకా పెంచుకోవచ్చు.

బకెట్ కాలికి ఆనకూడదు. ఆనిందంటే బరువు కాలు మోస్తోంది. రెండో వైపుకి ఒరిగి నడవడం కూడా తప్పే. తడి నేల మీద చేయకండి, బకెట్ నిండుగా నింపకండి.

రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని పక్కలకు ఊగేవాళ్లు ప్రతి జిమ్‌లో కనిపిస్తారు. ఒకవైపు బరువును రెండోవైపు బరువు సరితూచేస్తుంది. ఆబ్లిక్స్‌కు దాదాపు ఏమీ మిగలదు.

7. రివర్స్ క్రంచ్

వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఛాతీ వైపు తెచ్చుకుంటూ, పిరుదులను నేల నుంచి రెండు మూడు అంగుళాలు పైకి లేపండి. మూడు సెకన్లలో మెల్లగా దించండి. 10 నుంచి 12, రెండు సెట్లు. కాళ్లు ఊపి ఆ ఊపుతో లేపితే లెక్క పెరుగుతుంది, పని జరగదు. మెడ లాగేసే మామూలు క్రంచెస్ కన్నా ఇది మెడకు తేలిక.

8. పొట్ట వాక్యూమ్, ఇష్టముంటే

1977 నుంచి వరసగా మూడేళ్లు మిస్టర్ ఒలింపియా గెలిచిన ఫ్రాంక్ జేన్ ఈ భంగిమకు పేరుపడ్డాడు. పరగడుపున, చేతులు మోకాళ్ల మీద ఆనించి కొద్దిగా వంగి, ఊపిరంతా వదిలేసి బొడ్డును వెన్ను వైపు లాగి 10 సెకన్లు ఆపండి. ఐదుసార్లు. యోగాలో ఉడ్డీయాన బంధం చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. లోపలి కండరం మీద అదుపు వస్తుంది, కొవ్వు కరగదు. కపాలభాతి సంగతీ అంతే. రక్తపోటు, గుండె జబ్బు, కడుపులో పుండు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని వదిలేయండి.

వారంలో ఎన్నిసార్లు?

రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. వారానికి రెండు రోజులు స్క్వాట్స్, పుషప్స్ లాంటి పెద్ద వ్యాయామాలు, రోజూ 40 నిమిషాల చురుకైన నడక తోడవ్వాలి. సమయం తక్కువైతే ఏబ్స్ సెట్లు తగ్గించండి కానీ నడక మానకండి. చేసిన చోట కండరం మర్నాడు సలపడం మామూలే. నడుము వెనక పోటు, కాలిలోకి జిల్లుమని పాకడం మామూలు కాదు, వెంటనే ఆపేయాలి.

9. టేపును కదిలించేది తిండి

రోజుకు 300 నుంచి 500 కేలరీలు తగ్గితే వారానికి పావు కిలో నుంచి అర కిలో దాకా తగ్గుతారు. ఒక కిలో తగ్గితే నడుము దగ్గర సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, మనిషిని బట్టి కొంత అటూఇటూ.

మన ఇళ్లలో తగ్గించడానికి వీలున్న చోట్లు అన్నం, నూనె, టీలో చక్కెర. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130 కేలరీలు. పళ్లెంలో కుప్పగా పోసిన అన్నాన్ని ఒక్కసారి తూకం వేసి చూడండి, 300 గ్రాములు దాటడం మామూలే. రెండు పూటలా 100 గ్రాములు తగ్గించి ఆ చోట కూర, పప్పు పెంచితే 200 కేలరీల దాకా మిగులుతాయి. పెద్ద చెంచా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, దాదాపు 120 కేలరీలు. నలుగురి ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు పడినట్టు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2,000 కేలరీల తిండికి చెప్పే కొలత 27 గ్రాములు. రెండు చెంచాల చక్కెరతో మూడు టీలు తాగితే 120 కేలరీలు.

ప్రొటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మూత్రపిండాల జబ్బు లేనివాళ్లు కిలో బరువుకు 1.2 గ్రాముల చొప్పున లెక్కేసుకోండి. 70 కిలోల మనిషికి 84 గ్రాములు. గుడ్డులో 6, పచ్చి పెసలు 100 గ్రాముల్లో 24, సోయా చంక్స్ 50 గ్రాముల్లో 26, ఎముక లేని పచ్చి చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో 22 గ్రాములకు పైనే ఉంటుంది. ఒక్క పప్పన్నంతో ఈ లెక్క నిండదు.

నాలుగు వారాల తర్వాత సరిచూసుకోవడం

మొదటి వారం తగ్గుదలలో ఉప్పూ నీరూ ఎక్కువ, దాన్ని చూసి సంబరపడకండి. నాలుగు వారాల కొలతలు ఒక వరసలో రాసి చూడండి.

టేపు, బరువు రెండూ కదల్లేదు, సైడ్ ప్లాంక్ మాత్రం తేలికైంది: వ్యాయామం బాగానే ఉంది, తిండి తగ్గలేదు. మూడు రోజులు తిన్నదంతా, నూనెతో సహా, తూచి రాయండి. తేడా సాధారణంగా సాయంత్రం చిరుతిండిలోనో ఆదివారం భోజనంలోనో దొరుకుతుంది.

బరువు తగ్గింది, టేపు కదల్లేదు: ముందు కొలిచే చోటు మారిందేమో చూడండి. మారకపోతే ఇంకో రెండు మూడు వారాలు ఆగండి. కొందరికి ముందు ముఖం, చేతులు తగ్గి, పొట్ట ఆఖరున తగ్గుతుంది.

టేపు తగ్గింది, బరువు కదల్లేదు: కొవ్వు తగ్గి కండ పెరిగినట్టు. ఏమీ మార్చకండి.

టేపు తగ్గింది కానీ అద్దంలో నడుము ఇంకా తిన్నగానే ఉంది: పక్కటెముకల గూడు, తుంటి ఎముక వెడల్పు పుట్టుకతో వచ్చినవి. ఏ వ్యాయామమూ వాటిని మార్చదు. వాటికోసం సెట్లు పెంచుకుంటూ పోకండి.

బరువు మారకుండా టేపు పెరిగింది: గ్యాస్, మలబద్ధకం, ఉప్పెక్కువ తిండి, లేదా సాయంత్రం కొలిచారు. మూడు రోజులు పొద్దున కొలిచి చూడండి. అలా కాకుండా చేతులు, కాళ్లు సన్నబడుతూ పొట్ట ఒక్కటే వారాల్లో గబగబా పెరుగుతుంటే, పాదాలు వాస్తుంటే, ఆకలి చచ్చిపోతుంటే, అది కొవ్వు కాకపోవచ్చు. పొట్టలో నీరు చేరినా, కణితి ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. వ్యాయామం ఆపేసి ఆ వారంలోనే డాక్టరును కలవండి.